దోషి దొరకకపోయినా సహాయము కలదు

ఇంటి పెద్ద హత్యకు గురైనప్పుడు ఊరంతా "దోషి దొరికాడా?" అని అడుగుతుంది. ఆ పిల్లలకు రేపటి అన్నమెట్లు అని మనలో ఎందరము అడుగుచున్నాము?

నేరస్థుడెవరో తెలియక కోర్టు విచారణ జరుగకపోయినా, బాధితులు గాని వారిపై ఆధారపడినవారు గాని ప్రభుత్వ పరిహారము కొరకు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకొనవచ్చును. 2009 చివర అమలులోనికి వచ్చిన ఈ ఏర్పాటు ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షనులో ఉన్నది. సంస్థ రెండు నెలలలో విచారణ ముగించవలెను. యాసిడ్ దాడి బాధితులకు కనీసము 3 లక్షల రూపాయలు ఇవ్వవలెనని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించినది.

ఫిర్యాదు చేసినవారికి ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితము. దానిని, ఆసుపత్రి కాగితములను భద్రపరచుడి. వివరములకు 15100కు ఫోను చేయవచ్చును. దుఃఖములో మునిగినవారికి ఈ దారి తోచదు. వారిని వెంటబెట్టుకొని ఆ కార్యాలయమునకు వెళ్లుట పొరుగువారమైన మన పని.