గొంగళి నుండి పష్మినా వరకు – మేలైన ఉన్నికి గుర్తులేమిటి?

“గొంగళిలో తింటూ వెంట్రుకలు ఏరినట్లు” అన్న సామెతను మనమందరం ఏదో ఒక సందర్భంలో వాడినవారమే. గొంగళి అన్నాక వెంట్రుకలు రాలక తప్పదని పెద్దల భావన. అయితే ఆ వెంట్రుకలు ఎందుకు రాలుతాయి, కొన్ని ఉన్ని దుస్తులలో ఎందుకు రాలవు అని ప్రశ్నించుకుంటే, ఉన్ని నాణ్యతకు సంబంధించిన రహస్యమంతా విడిపోతుంది.

సముద్రతీరాన ఉన్న పుదుచ్చేరిలో, అందునా సేదరపేట్ పారిశ్రామికవాడ పరిసరాలలో నివసించేవారికి ఉన్ని దుస్తులతో అవసరం తక్కువ. కార్తీక మార్గశిరాలలో వానలే గాని వణికించే చలి ఉండదు. అయినను శిక్షణకో, బదిలీపైనో, తీర్థయాత్రకో ఉత్తరాదికి బయలుదేరినపుడు స్వెటరు, శాలువ అవసరమవుతాయి. అలవాటు లేని సరుకు కనుక చేతికి మెత్తగా తగిలినదే మేలైనదని నమ్మి కొంటాము. ఒక్క శీతకాలం గడవకముందే చంకల క్రింద ఉండలు కట్టి, మణికట్టు అంచులు సాగిపోయి, ఆ స్వెటరు పెట్టె అడుగుకు చేరుతుంది. మెత్తదనమే నాణ్యత కాదని అప్పుడు బోధపడుతుంది.

పోగులో ఉన్న గుణం

ఉన్ని పోగు మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాను. మనిషి తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లుంటుంది. మెరినో గొర్రె ఉన్ని దాదాపు 17 నుండి 24 మైక్రాన్లు. లడఖ్‌లోని చాంగ్‌థాంగ్ పీఠభూమిపై చాంగ్‌పా పశుపోషకులు పెంచే మేకల పష్మినా ఇంతకంటె సన్నం. 12 నుండి 15 మైక్రాన్ల వరకు మాత్రమే ఉంటుంది. నాలుగు వేల మీటర్లకు పైబడిన ఎత్తులో, ఎముకలు కొరికే చలికి తట్టుకొనేందుకు ముతక వెంట్రుకల క్రింద ఆ మేకకు ప్రకృతి ప్రసాదించిన లోపొర అది. వసంతంలో ఆ పొర సహజంగా ఊడే వేళ దువ్వెనతో దువ్వి సేకరిస్తారు. ముతక వెంట్రుకలను వేరుచేయగా ఒక మేక నుండి ఏడాదికి మిగిలేది అతి స్వల్పం. ధర అంతగా ఉండటానికి కారణం ఇదే. కాశ్మీర్ పష్మినాకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది.

సన్నదనంతోబాటు పొడవు కూడ ముఖ్యం. పొట్టి పోగులు దారంలో గట్టిగా ఇమడక, రాపిడికి పైకి లేచి చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుంటాయి. పొడవైన పోగులు ఒకదానినొకటి పట్టుకొని నిలుస్తాయి. అంగడిలో వెన్నవలె మెత్తగా తోచే వస్త్రం కొన్ని పర్యాయాలు అతిగా ఉతికి, నూగు లేపినదై ఉండవచ్చును. అటువంటిది త్వరలోనే ఉండలు కడుతుంది. కొన్ననాడు కాస్త బిగువుగా ఉండి, ఉతికినకొద్దీ మెత్తబడేదే సాధారణంగా చిరకాలం మన్నుతుంది.

పురి, అల్లిక

మంచి పోగు దొరికినంత మాత్రాన మంచి స్వెటరు తయారుకాదు. దారానికి పురి చాలకపోతే తెగుతుంది, ఎక్కువైతే గరుకవుతుంది. ఒంటి దారంతో అల్లినది ఒక ప్రక్కకు మెలితిరిగే అవకాశం ఉన్నది. రెండు దారాలను కలిపి, ఎదురు దిశలో పేనినపుడు ఆ దోషం తగ్గి, బలం పెరుగుతుంది.

అల్లికలో ఉచ్చులన్నీ ఒకే బిగువున ఉండాలి. వదులుగా అల్లితే దారం ఆదా అవుతుంది, కాని వస్త్రం సాగిపోతుంది. శ్రద్ధగా చేసిన స్వెటరులో చంక, మెడ ఆకారాలను ఉచ్చులు పెంచుతూ తగ్గిస్తూ అల్లికలోనే తెస్తారు. చంక వద్ద వరుసగా కనిపించే చిన్న గుర్తులే దీనికి సాక్ష్యం. మన ఇండ్లలో అమ్మలు, అత్తలు రెండు సూదులతో చేసిన పనీ ఇదే. చౌకరకంలో అల్లిన గుడ్డను కత్తిరించి కుట్టివేస్తారు.

మన దక్కనీ గొర్రె

పష్మినా దూరదేశపు సొగసు. మరి మన తెలుగునాట ఉన్ని లేదా? తెలంగాణలో కురుమలు తరతరాలుగా పెంచిన దక్కనీ గొర్రె ఉన్నిదే. దాని పోగు ముతక, గరుకు. ఒంటికి నేరుగా తగిలితే గుచ్చుకుంటుంది. ఏడాదికి రెండు పర్యాయాలు కత్తిరించిన ఉన్నిని స్త్రీలు రాట్నంపై వడికేవారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గంపై పురుషులు నేసేవారు. నల్లని ఉన్నికి రంగు అద్దవలసిన పనిలేదు.

ఇట్టి గొంగడిని తలమీదుగా ముసుగువేసుకొని కాపరి వానలో మంద వెంట తిరిగేవాడు. రాత్రి అదే పక్క, అదే దుప్పటి. ఉన్ని తన బరువులో సుమారు మూడవవంతు తేమను పీల్చుకొని కూడ తడిసినట్లు తోచదు. ఈ పనికి పష్మినా పనికిరాదు. మెడకు చుట్టుకొనే శాలువగా గొంగడీ పనికిరాదు. కనుక ఏ ఉన్ని గొప్పదన్న ప్రశ్నకంటె ఏ పనికి ఏ ఉన్ని తగినదన్న ప్రశ్నే సరియైనది.

విచారకరమైన విషయమేమంటే, మాంసానికి గిరాకీ పెరిగి, ఉన్నికి ధర పడిపోవడంతో అనేకమంది కాపరులు ఉన్నిలేని నెల్లూరు జాతి గొర్రెలవైపు మళ్ళారు. కత్తిరింపు కూలి కూడ రాని ఉన్నిని పారవేయవలసిన దుస్థితి ఏర్పడింది. గొర్రె పోతే రాట్నం పోతుంది. రాట్నం పోతే మగ్గం పోతుంది. ఒకసారి మరచిన చేతిపనిని తిరిగి నేర్పేవారుండరు.

కొనేటపుడు, దాచేటపుడు

స్వెటరు అంచును సాగదీసి వదలండి. వెంటనే యథాస్థితికి రావాలి. వెలుతురుకెత్తి చూడండి, అల్లిక సమంగా కనబడాలి. అరచేతితో కొద్దిసేపు రుద్దండి. నూగు ఉండలు కట్టరాదు. అనుమానముంటే ఒక విడి దారాన్ని పెద్దలే జాగ్రత్తగా కాల్చి చూడవచ్చును: ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద నలిపితే పొడి అవుతుంది, కృత్రిమ దారమైతే కరగి గట్టి ముద్ద అవుతుంది.

గోరువెచ్చని నీటిలో తేలికపాటి సబ్బుతో ఉతికి, పిండకుండ, తువ్వాలుపై పరచి నీడన ఆరవేయాలి. తడి స్వెటరును దండెంపై వేలాడదీస్తే తన బరువుకు తానే సాగుతుంది. చెమట మరకలు చిమ్మటపురుగుకు విందు. కనుక ఉతికి పూర్తిగా ఆరిన పిదపనే పెట్టెలో దాచాలి. మన తీరప్రాంతపు తేమకు అప్పుడప్పుడు తీసి గాలి తగలనివ్వడం తప్పనిసరి.

ఈసారి స్వగ్రామం వెళ్ళినపుడు అటకమీద తాతగారి గొంగడి కనబడితే, దులిపి ఒకసారి చేతితో తడిమి చూడండి. అందులోని గరుకుదనం లోపం కాదు. వానకు, ఎండకు, ముళ్ళకంపకు తట్టుకొనేందుకు ఉద్దేశించిన గుణం. ఇకమీదట ఆ సామెతను వాడేటపుడు, వెంట్రుకలు ఏరడం మాని, ఆ గొంగళిని నేసిన చేతులను తలచుకుందాం.