జ్ఞాపక వస్తువులు - వాని వెల

మన పాఠశాల విద్యార్థులలో ననేకులకు అభిమాన నటుల బొమ్మలు, నాణెములు, తపాలాబిళ్లలు కూడబెట్టు అలవాటు గలదు. ఈ యలవాటును మేము నిరసింపము. కాని దీనిని ఆసరాగా గొని మన సొమ్మును కాజేయువారును గలరు. వాన రాని యేడు వేరుసెనగ రైతు ఇంట నాలుగువేల రూపాయలు స్వల్పమైన మొత్తము కాదు గదా!

దృష్టాంతమునకు దూరము పోనక్కరలేదు. మన పొరుగుననున్న హిందూపురమునుండి 1985, 1989, 1994 సంవత్సరములలో శాసనసభకు ఎన్నికైన నందమూరి తారక రామారావుగారిని ఎరుగని ఇల్లు ఈ సీమలో లేదు. ఆయన శతజయంతి సందర్భమున 2023 ఆగష్టు 28వ తేదీన రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారు ఆయన ముఖచిత్రముగల 100 రూపాయల నాణెమును విడుదల చేసిరి. టంకశాలవారు దానిని అమ్మిన వెల 4,000 రూపాయలకు పైమాట. నూరు రూపాయల నాణెమునకు ఇంత వెల యేల?

లెక్క వేసి చూతము. నాణెము బరువు 35 గ్రాములు. అందు సగపాలు వెండి. తక్కినది రాగి, నికెలు, తుత్తునాగము. అనగా వెండి 17.5 గ్రాములు. ఆనాడు వెండి గ్రాము సుమారు 75 రూపాయలు. ఆ చొప్పున వెండి విలువ సుమారు 1,300 రూపాయలు. మిగిలినదంతయు ముద్రణ నైపుణ్యమునకును, అందమైన పెట్టెకును, అన్నింటికంటె ముఖ్యముగా ఆయనయందు మనకుగల అభిమానమునకును ఇచ్చునది. అభిమానమునకు వెల యిచ్చుట తప్పుకాదు. ఇచ్చుచున్నామని యెరిగి యియ్యవలెను. గోపురము కట్టబూనినవానిని గూర్చి మన ప్రభువు చెప్పిన ఉపమానము పిల్లలందరికిని తెలిసినదే.

2025 చివరకు వెండి వెల రెండింతలకు మించినది. నాణెము లాభించినదని కొన్నవారు సంతోషింతురేమో. ఆ పెరుగుదల వెండిదే గాని బొమ్మది కాదు. అదే సొమ్ముతో వట్టి వెండి కొన్నవానికి అంతకు మూడింతల లోహము చేతనుండెడిది. మీదుమిక్కిలి నాణెమును కరగించుట 2011 నాటి నాణెముల చట్టముచేత నిషిద్ధము.

"ఇది అరుదైనది, మీ మనుమల కాలమునకు లక్షలు పలుకును" అని అమ్మువారు చెప్పుదురు. ఇచ్చట ఒక చిన్న విచారము చేయవలెను. దాచుటకే తయారైన వస్తువును కొన్న ప్రతివాడును దాచును. గనుక అది సులభముగా అరుదు కాజాలదు. పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) వంటి చిత్రములు ఆడిన కాలమున సినిమాహాలు వాకిట కొద్ది డబ్బులకు అమ్మిన పాటల పుస్తకములను ఎవరును దాచలేదు. పాడుకొని పారవేసిరి, పొట్లములు కట్టిరి, చెదలకు విడిచిరి. కావుననే వానిలో మిగిలినవానికై నేడు సేకర్తలు వెదకుచున్నారు. తాతగారి పెట్టె యడుగున నట్టిది యుండెనేని కాగితముల వర్తకునికి తూకమునకు వేయకుడు.

నాణెమును ఇతరులయొద్ద కొనునప్పుడు కంసాలి త్రాసున తూచి చూడుడు. 35 గ్రాములు తూగవలెను. అడ్డకొలత 44 మిల్లీమీటర్లు. బడిపిల్లల కొలబద్దతో చూడవచ్చును. అయస్కాంతమునకు అంటుకొనినచో అది మరియొక లోహము. కొన్న పిమ్మట ఇత్తడి చెంబును తోమినట్లు చింతపండుతో తోమకుడు. మెరుగు పోయిన నాణెమునకు సేకర్తలు వెల తగ్గింతురు. నటుల సంతకములన్న కాగితములను గూర్చి మా సలహా ఒక్కటే: కన్నులెదుట చేసినది గానిచో కొనవద్దు.

ఇంతకంటె నపాయకరమైనది మరియొకటి గలదు. ట్రాక్టరు బొమ్మగల పాత అయిదు రూపాయల నోటునకు లక్షలిత్తుమని ఫోనులలో ప్రకటనలు వచ్చుచుండును. నోటు చూపినవానిని మొదట నమోదు రుసుమని కొంత, పిదప పన్నని మరికొంత అడుగుదురు. చెల్లించుచున్నంతవరకు అడుగుచునే యుందురు. పాత నోట్లు, నాణెముల క్రయవిక్రయములతో తమకు సంబంధము లేదనియు, అందుకై రుసుములు గైకొనుట లేదనియు రిజర్వు బ్యాంకువారు 2021 ఆగష్టు 4వ తేదీననే హెచ్చరించిరి. వస్తువును కొనెదనన్నవాడు మనకు డబ్బియ్యవలెను గాని మనయొద్ద అడుగనేల? ఫోనులో డబ్బు పుచ్చుకొనుటకు రహస్యసంఖ్య నొక్కవలసిన పనియే లేదు. మోసము జరిగినచో సిగ్గుపడి దాచక, ఆ క్షణమే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారును.

చిన్న తరగతులవారు తపాలాబిళ్లలతో ప్రారంభించుట మేలని మా అభిప్రాయము. రామారావుగారి చిత్రముతో 2000 సంవత్సరమున బిళ్ల వెలువడినది. తపాలాశాఖవారి ఫిలాటెలీ కేంద్రములో కనీసము 200 రూపాయలు జమచేసి ఖాతా తెరచినచో క్రొత్త బిళ్లలు ముద్రించిన వెలకే లభించును. ఆ శాఖవారు 2017లో స్పర్శ్ అను పేరిట 6 మొదలు 9వ తరగతివరకు చదువు బిళ్లల సేకర్తలకు ఏటికి 6,000 రూపాయల విద్యార్థివేతనమును ఏర్పరచిరి. మంచి మార్కులతోపాటు పాఠశాలలో ఫిలాటెలీ సంఘ సభ్యత్వముగాని, పైన చెప్పిన ఖాతాగాని యుండవలెను.