ప్రమాదంలో ఆదుకున్నవారికి కేసు భయం లేదు
పల్లెలకు చేరని చట్టం

తిరుపతి: రోడ్డును ఆనుకొని వున్న మన పల్లెల్లో ఒక మాట పాతుకుపోయింది. "యాక్సిడెంటు మనిషిని తాకితే స్టేషను చుట్టూ తిరగాల" అని. తెల్లవారుజామున పాలు పోయడానికి పోయే రైతు, దామలచెరువు మార్కెట్టుకు మామిడికాయలు తోలే ట్రాక్టరు డ్రైవరు, దెబ్బలు తగిలి పడివున్న మనిషిని అందరికంటే ముందు చూసేది వీరే. జాలి లేక కాదు, వాయిదాలకు తిరిగితే కూలి పోతుందని తప్పుకుంటారు. ఈ భయం వుత్తినే పుట్టింది కాదు. అయితే చట్టం మారి చాలా కాలమయింది.

2022 మార్చి 26 రాత్రి భాకరాపేట ఘాట్‌లో, నిశ్చితార్థానికి ధర్మవరం నుంచి వస్తున్న బస్సు లోయలో పడింది. దారిన పోయేవారు కేకలు విని పోలీసులకు కబురు చేశారు. ఆ చీకట్లో తాళ్ళ సాయంతో క్షతగాత్రులను పైకి చేర్చి, తిరుపతి రుయా ఆసుపత్రికి తరలించారు. పలువురు మరణించారు. అయినా ఎక్కువ మంది బతికి బయటపడ్డారు. ఆ కేకలు విన్నవారు మనకెందుకని పోయివుంటే ఏమయ్యేదో వేరే చెప్పనక్కరలేదు.

ఈ విషయంలో కోర్టులు ముందునుంచీ గట్టిగానే వున్నాయి. ప్రమాదంలో దెబ్బతిన్న ఒక స్కూటరిస్టును దగ్గరి ఆసుపత్రి చేర్చుకోక దూరంలోని మరో ఆసుపత్రికి పొమ్మంటే, అతను దారిలోనే చనిపోయాడు. పరమానంద్ కటారా ఆ సంగతిని సుప్రీంకోర్టు ముందుకు తెచ్చారు. సర్కారు డాక్టరైనా, ప్రయివేటు డాక్టరైనా ముందు ప్రాణం నిలబెట్టాలని, పోలీసు తతంగం తరువాతేనని 1989లో కోర్టు తీర్పు చెప్పింది. డాక్టర్ల సంగతి సరే, మరి తీసుకొచ్చినవాడి మాటేమిటి? దానికి మరో పాతికేళ్ళు పట్టింది. సేవ్ లైఫ్ ఫౌండేషన్ 2012లో వేసిన వ్యాజ్యం మీద, సాయపడినవారిని వేధించరాదన్న మార్గదర్శకాలను 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను చేరింది. 2020లో నిబంధనలు వచ్చాయి.

వీటి ప్రకారం, ప్రతిఫలం ఆశించకుండా మంచి మనసుతో సాయపడినవారి పేరు, వూరు చెప్పమని పోలీసులుగాని, మరెవరుగాని బలవంతం చేయరాదు. ఆసుపత్రికి తెచ్చే దారిలో ప్రాణం పోయినా, ఎత్తడంలో పొరపాటు జరిగినా తెచ్చినవారి మీద సివిలు కేసుగాని క్రిమినల్ కేసుగాని వుండదు. బంధువు కానివారిని అడ్మిషను డబ్బు కట్టమని ఆసుపత్రి అడగకూడదు. సాక్ష్యం చెప్పడం వారి యిష్టం. చెప్తామంటే ఒకే తూరి, వారికి వీలైనచోట, యింటి దగ్గరైనా సరే, పోలీసు అధికారి మామూలు దుస్తుల్లో వచ్చి రాసుకోవాలి. అంటే ఖాకీ జీపు యింటి ముందు ఆగి వూరంతా గుమిగూడే పని లేదన్నమాట.

గుద్దినవాడికి మాత్రం ఈ రక్షణ వర్తించదు. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడం అతనికి దయ కాదు, చట్టం పెట్టిన విధి.

బండి లేనివారు 108కి ఫోను చేసినా మేలే. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయడం, కాళ్ళూ చేతులూ పట్టి గుంజడం మన పల్లెల్లో మామూలు. రెండూ ప్రమాదమే. మెడ, వెన్ను కదలకుండా చూడాలి.

తొలి గంటలోగా తీవ్రంగా గాయపడినవారిని చేర్చినవారికి కేంద్రం 2021లో 5 వేల రూపాయల బహుమతి ప్రకటించింది. 2025లో దాన్ని 25 వేలు చేసింది. ఇది కావాలంటే మాత్రం పేరు, వివరాలు యివ్వక తప్పదు. వద్దనుకున్నవారు మనిషిని అప్పజెప్పి తమ దారిన తాము పోవచ్చు.

ఈ హక్కులను ప్రతి ఆసుపత్రీ ప్రవేశద్వారం దగ్గర స్థానిక భాషలో కూడా రాసిపెట్టాలని నిబంధన వుంది. అక్కడ తెలుగు బోర్డు కనిపించకపోతే ఆసుపత్రి అధికారులను అడిగే హక్కు ప్రజలకు వుంది.