బ్లాక్‌బస్టర్ అన్నది పైసల మాట.. సినిమా మంచిచెడ్డ మనమే తేల్చాలె

ఎండకాలం వచ్చిందంటె మన ఊర్లల్ల రెండు తీర్ల వేడి. ఒకటి పైనుంచి కొట్టేది, ఇంకోటి ఫోన్లల్ల పుట్టేది. "మా అన్న సినిమా బ్లాక్‌బస్టర్" అని ఒకడంటడు. "మీ అన్నది డిజాస్టర్" అని ఇంకొకడంటడు. తెల్లారెదాక తిట్టుకునుడే. ఒక్క బెంచి మీద కూసుండి చదువుకున్న పోరగాళ్లు గీ లొల్లితోని మాటలు బంద్ జేసుకున్నది నేను చూసిన. ఇంత లొల్లిల ఒక్కటే ముచ్చట ఉండది. అసలు సినిమా ఎట్లున్నదన్నది! అంత కోట్ల లెక్కనే.

నేను సినిమా పండితున్ని కాదు. సంఘం పనుల మీద తిరుక్కుంట, దొరికిన పుస్తకం చదువుకుంట నేర్సుకున్నోన్ని. గాని సరుకు ధర వేరు, సరుకు గుణం వేరు అని ఊరోళ్లకు ఇంకొకరు చెప్పే పనిలేదు. పత్తికి ధర పలికిన ఏడు పత్తి మంచిగుందని, ధర పడిపోయిన ఏడు పత్తి చెడ్డదని ఏ రైతన్న అంటడా? సినిమా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ధరనే గుణం అనుకుంటున్నం. ఇది ఎట్ల మొదలైందో జర చూద్దాం.

ముందుగాల ఆ మాట పుట్టుక. బ్లాక్‌బస్టర్ అన్నది సినిమా మాట కాదు, యుద్ధం మాట. రెండో ప్రపంచ యుద్ధంల ఇంగ్లండు విమానాలు జర్మనీ పట్నాల మీద ఏసిన పెద్ద బాంబులకు పెట్టిన పేరు. ఒక్కటి పడితె ఇండ్ల వరుస మొత్తం లేసిపోతదని అర్థం. సినిమా ప్రచారపోళ్లు ఆ మాటను ఎత్తుకొచ్చుకున్నరు. అంటె ఆ మాటల మంచి లేదు, చెడ్డ లేదు. ఉన్నది పేలుడు ఒక్కటే.

ఇగ ఎండకాలానికి దానికి ముడి పడ్డది 1975 జూన్ 20న. అమెరికాల స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన 'జాస్' సినిమా ఆ దినం విడుదలైంది. అంతకు ముందు అక్కడ చానా సినిమాలు పెద్ద పట్నాలల్ల కొన్ని థియేటర్లల్లనే మొదలయ్యేటియి. మంచిగున్నదని నోటిమాట పాకితె, నెలలకు చిన్న ఊర్లకు వచ్చేటియి. జాస్‌ను ఒక్కనాడే నాలుగు వందలకు పైన థియేటర్లల్ల ఏసిండ్రు. దానికి ముందు రోజులల్ల టీవీల ప్రకటనలు గుప్పిచ్చిండ్రు. నోటిమాట రాకముందే జనం వచ్చిండ్రు. రెండేండ్లకు, 1977 మే 25న, 'స్టార్ వార్స్' వచ్చింది. ఇగ అక్కడి కంపెనీలకు ఎండకాలం అంటె పంటకాలం అయిపోయింది.

ఇక్కడ్నే ఒక ముచ్చట గమనించాలె. జాస్ ఉత్త ప్రచారం మీద నిలబడ్డ సినిమా కాదు. దానికోసం చేసిన మర సొరచేప ఉప్పునీళ్లల్ల పదే పదే ఖరాబైంది. దాంతోని స్పీల్‌బర్గ్ చేపను చూపిచ్చుడు తగ్గిచ్చి, సంగీతంతోని, నీళ్ల మీద తేలే పీపాలతోని భయపెట్టిండు. చూపియ్యకుండ భయపెట్టుడే ఆ సినిమాకు బలమైంది. ఇంకా చూడుండ్రి, దాంట్ల కథేంది? సముద్రంల మనుషులను తినే చేప ఉన్నదని పోలీసాయన మొత్తుకుంటడు. మేయరు మాత్రం ఎండకాలం గిరాకి పోతదని బీచి బంద్ చెయ్యనియ్యడు. మనుషుల పానం కన్న సీజన్ యాపారం ఎక్కువైతె ఏమైతదో చెప్పిన కథ అది. ఎండకాలం సినిమా యాపారానికి దారేసిన సినిమానే ఎండకాలం యాపారాన్ని నిలదీసింది! కాబట్టి పెద్ద సినిమా అంటెనే తలకాయ లేని సినిమా అని కొట్టిపారేసేటోళ్ల మాట కూడ నేను ఒప్పుకోను.

మనకు కూడ ఎండకాలం సినిమా కొత్తదేం కాదు. 'మాయాబజార్' 1957 మార్చి 27న వచ్చింది. 'అడవి రాముడు' 1977 ఏప్రిల్ 28న వచ్చింది. అదే ఏప్రిల్ 28న 2006ల 'పోకిరి', 2017ల 'బాహుబలి 2' వచ్చినయి. 1990 మే 9న 'జగదేక వీరుడు అతిలోక సుందరి' వస్తె, తుపాను వానలల్ల కూడ జనం థియేటర్లకు పోయిండ్రు.

ఎండకాలమే ఎందుకంటె, అప్పటికి పరీక్షలు ఒడుస్తయి. యాసంగి వడ్లు కల్లాలకు వస్తయి, చేతుల నాలుగు పైసలు ఆడుతయి. లగ్గాలకు సుట్టాలొస్తరు. పట్నం పోయినోళ్లు, గల్ఫ్ పోయినోళ్లు ఇంటికొస్తరు. బయట ఎండ మండుతది, హాల్ల సల్లగుంటది. మన పంట ఎప్పుడు చేతికొస్తదో సినిమా యాపారులకు మనకంటె బాగ తెలుసు.

ఇప్పుడు కోట్ల లెక్క చూద్దాం. పోస్టర్ మీద ఏసేది గ్రాస్. అంటె అమ్మిన టికెట్ల మొత్తం పైసలు. అండ్ల నుంచి జీఎస్టీ పోతది. థియేటర్ కిరాయో, పర్సెంటేజో పోతది. మిగిలింది షేర్. సినిమాను కొన్న డిస్ట్రిబ్యూటర్‌కు లెక్క ఈ షేర్‌తోనే. ఉదాహరణకు ఒక సినిమా నైజాం హక్కులు 40 కోట్లకు కొన్నడనుకుందాం. 55 కోట్ల గ్రాస్ వచ్చిందని పోస్టర్ పడ్డది. పన్ను, కిరాయి పోంగ 30 కోట్ల షేర్ మిగిలిందనుకుందాం. పోస్టర్ మీద బ్లాక్‌బస్టరే. కొన్నోని ఇంట్ల మాత్రం 10 కోట్ల నష్టం. అదే ఒక చిన్న సినిమాను 2 కోట్లకు కొంటె 6 కోట్ల షేర్ వస్తె, పోస్టర్ల అంకె చిన్నగనే కనవడుతది గాని అందరు బతుకుతరు. మనం ఏ అంకె పట్టుకోని కొట్టుకుంటున్నం మరి?

ఇంకోటి, మొదటి మూడు రోజుల వసూళ్లు. ఆ టికెట్లు కొన్నోళ్లల్ల చానామంది సినిమా చూడకముందే కొన్నరు. చూడని సినిమా మంచిదని వాళ్లు ఎట్ల చెప్పినట్టు? ఆ అంకె చెప్పేది హీరో మీద ప్రేమ, ప్రచారం బలం, ఎన్ని థియేటర్లల్ల ఏసిండ్రు, టికెట్ ఎంతకు పెంచిండ్రు అన్నది. సినిమా సంగతి తెలియాలంటె రెండో సోమవారం పోయి చూడాలె. మామూలు రేటుకు, మామూలు దినం, నోటిమాట విని ఎంతమంది వచ్చిండ్రు అన్నదే కొంత నిజం చెప్తది.

మరి మంచి సినిమా అంటె ఏంది? కొంతమంది "లాజిక్ లేదు, ఒక్కడు యాభై మందిని కొడ్తడా?" అంటరు. ఈ మాటతోని నాకు పేచీ ఉన్నది. ఒగ్గు కథల, చిందు యక్షగానంల, బుర్రకథల అతిశయం లేదా? మన తాతలు అది నిజమనుకోని చూసిండ్రా? మాయాబజార్ల ఎస్వీ రంగారావు ఘటోత్కచుడై లగ్గం బువ్వంత ఒక్కడే తింటడు. దానికి లాజిక్ ఎవలడిగిండ్రు? కాబట్టి గాల్లె ఎగురుడు తప్పు కాదు. ఎగిరినోడు ఎందుకోసం ఎగిరిండన్నది ముఖ్యం. నేనైతె నాలుగు ప్రశ్నలు ఏస్త.

మొదటిది: కథకు ఒక ఊరు, ఒక బతుకు ఉన్నదా? 2018 మార్చి 30న వచ్చిన సుకుమార్ 'రంగస్థలం' చూడుండ్రి. పాటలున్నయి, ఫైట్లున్నయి, అంత మాస్ సినిమానే. గాని అండ్ల సొసైటీ అప్పులున్నయి, ముప్పై ఏండ్ల సంది కుర్సి దిగని ప్రెసిడెంటు ఉన్నడు, పరువు పేరు మీద జరిగిన హత్య ఉన్నది. హీరో చెవుడును నవ్వించెటందుకు పెట్టి వదిలెయ్యలేదు, అసలు గడియల కథనే దాని మీద తిప్పిండు.

రెండోది: హీరో కాకుండ మిగిలినోళ్లకు మనిషి విలువ ఉన్నదా? ఆడపిల్ల వెంటబడి సతాయించుడును ప్రేమ అని చూపిస్తె, ఎన్ని కోట్లొచ్చినా అది చెడ్డ పనే. మన భాషను చూడుండ్రి. ఎన్నేండ్లు తెలుగు సినిమాల తెలంగాణ మాట రౌడీకి, జోకర్‌కే ఇచ్చిండ్రు! 2023 మార్చి 30న వచ్చిన 'దసరా'ల సింగరేణి పక్క ఊరోని యాస హీరో నోట్లకు వచ్చింది. సంతోషమే. గాని యాస వచ్చినంత మాత్రాన బతుకు వచ్చినట్టు కాదు, అది కూడ అడుగాలె. ఇగ 2018 మే 9న వచ్చిన 'మహానటి' ఒక ఆడమనిషి బతుకు చుట్టు తిరిగిన సినిమా. ఎండకాలంలనే వచ్చి ఆడింది, కీర్తి సురేశ్‌కు జాతీయ అవార్డు తెచ్చింది.

మూడోది: పెట్టిన ఖర్చు కథకు పనికొచ్చిందా? బాహుబలి 2 వెయ్యి కోట్ల వసూళ్లు దాటిన మొదటి భారతీయ సినిమా. జనాన్ని రెండేండ్లు ఎదురుచూపిచ్చింది గ్రాఫిక్స్ కాదు, కట్టప్ప ఎందుకు చంపిండన్న ఒక్క ప్రశ్న. అది కథ బలం, ఆ మెప్పు రాజమౌళికి ఇయ్యాల్సిందే. అదే సినిమాల మామూలు జనం చానావరకు రాజులకు జై కొట్టేటందుకే ఉన్నరు. ఈ మాట కూడ అనాలె. మెచ్చుకునుడు, అడుగుడు రెండు ఒక్క నోటితోనే చెయ్యొచ్చు. అట్ల చేస్తె ఎవలం ద్రోహులం కాము.

నాలుగోది: చూసినంక ఏం మిగిలింది? 2023 మార్చి 3న సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి తీసిన 'బలగం' వచ్చింది. పెద్ద స్టార్లు లేరు, ఫైట్లు లేవు. ఇంట్ల ముసలాయన చచ్చిపోతడు, పెట్టిన బువ్వ కాకి ముట్టది. అంతే కథ. దాన్ని ఊర్లల్ల తెరలు కట్టుకోని జనం కలిసి చూసిండ్రు, ఏడ్చిండ్రు. ఏండ్ల సంది మాటల్లేని అన్నదమ్ముల ముచ్చట ఊర్లె మాటలకొచ్చింది. ఆ వసూలు ఏ పోస్టర్ మీద ఎక్కుతది?

"అన్నా, మేము టైంపాస్‌కు పోతం, మాకెందుకు ఇదంత" అని మీరు అడుగొచ్చు. న్యాయమే. ఎండల కష్టం చేసినోనికి మూడు గంటలు నవ్వే హక్కు ఉన్నది. ఆ నవ్వును చిన్నగ చూసే పట్నం మేధావులతోని నాకు పనిలేదు. గాని టైంపాస్‌ల కూడ నాసిది ఉంటది, నాణ్యమైంది ఉంటది. మిర్చి బజ్జి కూడ టైంపాసే, పాత నూనెల కాలిస్తె తింటమా?

పైగ దీని ఖర్చు ఎవలు మోస్తున్నరో చూడాలె. 2024 డిసెంబర్ల ఒక పెద్ద సినిమా ప్రీమియర్‌కు తెలంగాణల టికెట్ వెయ్యి రూపాయలు దాటింది. ఆ ఏడు ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. అంటె ఒక్క టికెట్‌కు మూడు రోజులకు పైన మట్టిపని. ఇంటిల్లిపాది పోవాలంటె? అందుకే మా అమ్మల తరం టాకీసుకు పోవుడే బందైంది. పెద్ద సినిమా ఉంటెనే హాలు నడుస్తది, లేకుంటె తాళం. 2024 మేల ఎన్నికలు, ఐపీఎల్, పెద్ద సినిమాలు లేకపోవుడు కలిసి జనం రాక, తెలంగాణల సింగిల్ స్క్రీన్ థియేటర్లు కొన్ని రోజులు ఆటలే ఆపినయి. 2025 మేల కిరాయి వద్దు, పర్సెంటేజి ఇయ్యుండ్రి అని హాళ్లోళ్లు లొల్లి చేసిండ్రు. మండలంల ఉన్న ఒక్క టాకీసు మూతవడితె అక్కడ టికెట్ చింపేటోడు, సైకిల్ స్టాండోడు, సమోసాలు అమ్మేటామె కూడ బజార్ల పడుతరు. నోటిమాట మీద నాలుగు వారాలు ఆడే మధ్యతరం సినిమాలు వస్తెనే వాళ్ల పొయ్యి ఎలుగుతది. మూడు రోజుల పేలుడుతోని ఎలగది.

కాబట్టి తమ్ముళ్లు, చెల్లెండ్లు, కొట్లాడుండ్రి. గాని కోట్ల మీద కాదు. ఆ కోట్లల్ల మనకు ఒక్క పైస రాదు. హీరో ఆడిపిల్లతోని ఎట్ల మాట్లాడిండు, పేదోన్ని ఎట్ల చూపిచ్చిండ్రు, కథ ఎక్కడ తెగింది, పాట ఎందుకు పెట్టిండ్రు అని కొట్లాడుండ్రి. మీకు నచ్చిన హీరో అయితె ఇంకింత గట్టిగ అడుగుండ్రి, ప్రేమ ఉన్నోనికే అడిగే హక్కు ఎక్కువ. మొదటి ఆటకు గుడ్డిగ పోయే మన పైసలే వాళ్లకు ధైర్యం. రెండు రోజులు ఆగి, చూసొచ్చినోన్ని అడిగి పోతె, ఆ ఆగిన రెండు రోజులే మంచి సినిమాకు మనం ఇచ్చే ఓటు.