పాటలు వేసే కుర్రవాడు

మన బరంపురంలో పెళ్లి నిశ్చయమైన ఇంట మొదట పురోహితుణ్ణి, ఆ తరువాత వంటవారిని, ఆపైన బాజావారిని మాటలాడుకోవడం పెద్దలనాటి వాడుక. ఇప్పుడు ఆ వరుసలో మరొకరు వచ్చి చేరారు. ఇంట్లో కాలేజీ చదువుల పిల్లలున్నట్లయితే పురోహితుని కంటె ముందుగా ఆయన సంగతే తేల్చమని పట్టుబడతారు. ఆయనే డీజే. ఆ మాట చెవిన పడగానే పెద్దలు ముఖం చిట్లిస్తారు, పిన్నలు నడుము బిగిస్తారు. ఇంటింటా ఇంత తగవు తెచ్చిపెట్టిన ఈ మనిషి ఎవరు, అతని పని ఎట్టిది, అతనివల్ల మనకు కలిగే మేలెంత, కీడెంత అన్నవి కాస్త నిదానంగా విచారించవలసిన సంగతులని మాకు తోచింది.

డిస్క్ జాకీ అనే ఇంగ్లీషు మాటలోని పొడి అక్షరాలే డీజే. రౌతు గుర్రాన్ని నడిపినట్లు రికార్డును నడిపేవాడని భావం. 1930ల నాటి అమెరికా రేడియో ప్రపంచంలో పుట్టిన మాట ఇది. మన ఊళ్లలో మాత్రం ఈ పేరు మనిషిని వదిలి పెట్టెల మీదికెక్కింది. 'డీజే వచ్చింది' అంటే బండి మీద పేర్చిన స్పీకర్ల గుట్ట వచ్చిందని అర్థం. దాని వెనుక చెమటలు కక్కుతూ నిలబడిన కుర్రవాణ్ణి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మేము చెప్పదలచినది ఆ కుర్రవాణ్ణి గురించే.

ఊరేగింపుకు వాద్యం మనకు కొత్త కాదు. గంజాంలో పెళ్లికైనా, జాతరకైనా తెలింగి బాజా పేరు తెలియనివారు లేరు. డోలు దరువు మీద మహురి పలుకుతూ ఉంటే వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేది. ఆ మహురి మన సన్నాయికి దగ్గర చుట్టమే. తెలుగువారిని తెలింగులనడం ఒరియావారి అలవాటు గనుక, ఆ వాద్యం పేరులోనే మన ప్రస్తావన ఉన్నది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం జిల్లాలో పెద్దభాగం అందులో చేరినప్పుడు పటం మీద గీత మారింది గాని, పెళ్లి ఊరేగింపులో దరువు మారలేదు.

బాజా తరువాత గ్రామఫోను వచ్చింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డు, ఒక్కొక్క వైపున మూడు, మూడున్నర నిమిషాల పాట. కీ ఇవ్వాలి, ముల్లు మార్చాలి, రికార్డు తిరగవేయాలి. దానికి కొమ్ము స్పీకరు తగిలించి అద్దెకిచ్చిన మైకుసెట్టువారే మన ఊళ్లలో మొదటి డీజేలనవచ్చు. పందిట్లో ఒక మూల కూర్చుని, ఏ పాట తరువాత ఏ పాట వేయాలో ఆ మనిషి ఒక్కడే నిర్ణయించేవాడు. భోజనాల వేళ అతణ్ణి పిలిచేవారు తక్కువ. పాట ఆగినప్పుడు మాత్రం అందరూ పిలిచేవారే!

ఇంటిలోపల ఆ పెత్తనం రేడియోది. ఆకాశవాణి కటకం కేంద్రం 1948 జనవరి 28న, విజయవాడ కేంద్రం అదే సంవత్సరం డిసెంబరు 1న మొదలయ్యాయి. 1952లో కేస్కరు గారు సమాచారశాఖ మంత్రి అయిన తరువాత ఆకాశవాణిలో సినిమా పాటలకు కరువు వచ్చింది. శ్రోతలు సిలోను వైపు ముల్లు తిప్పారు. అక్కడ తెలుగు పాటల కార్యక్రమం నడిపిన మీనాక్షి పొన్నుదురై గారి గొంతు ఎన్నో తెలుగు ఇళ్లలో ఇంటిమనిషి గొంతయింది. 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టింది. 1963లో విశాఖపట్నం కేంద్రం వచ్చింది. పాటను ఎంచి, దాని పేరు చెప్పి, మన చెవిన వేసే ఒక మనిషి ఉండడం ఆ విధంగా మనకు అలవాటయింది. ఇప్పటి కుర్రవాడు ఆ వంశంలోనివాడే.

అయితే ఇతని విద్యలో ఒక కొత్త సంగతి ఉన్నది. మైకుసెట్టులో ఒక పాట ముగిశాక, కాస్త గరగర తరువాత, మరొక పాట వచ్చేది. డీజే చేతిలో పాటకూ పాటకూ నడుమ సందు ఉండదు. 1972లో జపానులో టెక్నిక్స్ వారి ఎస్ఎల్-1200 అనే రికార్డు యంత్రం వచ్చింది. అటువంటివి రెండు పక్కపక్కన పెట్టి, ఒకటి మోగుతూ ఉండగానే రెండవదాన్ని చెవిగొట్టాలలో విని, దరువుకు దరువు కలిపి జారవిడవడం ఈ పనిలో ముఖ్యమైన నేర్పు. 1973 ఆగస్టులో న్యూయార్కులోని బ్రాంక్స్ పేటలో కూల్ హెర్క్ అనే యువకుడు ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టుకుని, జనం ఎగిరే ముక్కను మళ్లీ మళ్లీ సాగదీసి చూపించాడు. ఇప్పుడు రికార్డులకు బదులు లాప్‌టాప్ వచ్చింది గాని కిటుకు మారలేదు. నిమిషానికి 100 దెబ్బల పాట నుండి 128 దెబ్బల పాటకు ఒక్కసారిగా దూకితే ఆడేవారి అడుగు తప్పుతుంది. అందుచేత నడుమ రెండు మూడు పాటల మెట్లు కట్టి పైకి తీసుకుపోవాలి. తాళజ్ఞానం లేనివాడికి ఇది చేతకాదు. సంగీతం మేష్టారు లేకుండా, చెవితో మాత్రమే లయ పట్టుకున్నవారు ఈ పనిలో ఎందరో ఉన్నారు.

ఈ విద్యకు మన ఊళ్లో ఇంత గిరాకీ ఎందుకు వచ్చిందంటే, బరంపురం పట్టుచీరల ఊరు మాత్రమే కాదు, చదువుల ఊరు కూడా. 1856లో బడిగా మొదలై 1878లో కాలేజీ అయిన ఖల్లికోట విద్యాసంస్థ ఉన్నది. పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి పేర 1962లో వెలసిన వైద్య కళాశాల ఉన్నది. 1967లో విశ్వవిద్యాలయం, 2016లో కేంద్ర ప్రభుత్వపు విజ్ఞాన విద్యాసంస్థ ఐసర్ వచ్చాయి. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి హాస్టళ్లలో ఉంటున్నారు. వినాయక చవితి, సరస్వతీ పూజ, వార్షికోత్సవం, చదువు ముగించి వెళ్లేవారికి వీడ్కోలు, ఇలా ఏడాది పొడుగునా ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. ఒరియా, తెలుగు, హిందీ, బెంగాలీ పిల్లలందరూ ఒక్క ఆవరణలో నిలబడినప్పుడు అందరి కాళ్లనూ ఒక్క దరువు మీదికి తేవలసినవాడు డీజే. ఆ పరీక్షలో నెగ్గితే పై ఏడు మళ్లీ పిలుస్తారు. నెగ్గకపోతే ఆ సంగతి మర్నాటికల్లా అన్ని హాస్టళ్లకూ తెలిసిపోతుంది.

ఇక అతని బ్రతుకు చూడండి. ముహూర్తాలున్న నెలల్లో నిద్ర ఉండదు, మూఢాల్లో పని ఉండదు. పరీక్షల రోజుల్లో కాలేజీలవారు పిలవరు. వానలొస్తే పెట్టెల మీద బరకాలు కప్పి కూర్చోవడమే. సొంత పెట్టెలు కొనాలంటే అప్పు చేయాలి. బండి అద్దె, జనరేటరుకు డీజిలు, పెట్టెలు దించి ఎత్తే నలుగురు కుర్రవాళ్ల కూలి పోగా మిగిలినదే అతనిది. రాత్రి పది గంటలకు ఆపమని పోలీసువారు, ఇంకొక్క పాట అని పెళ్లివారు. ఇద్దరి నడుమా నలిగేది అతనే. ఊరంతా సంబరపడే రాత్రి తన ఇంట్లో పెళ్లాం బిడ్డలు ఒంటరిగా ఉంటారు. ఇన్ని కష్టాలుండగా ఈ పని ఎందుకంటారా? గంజాం జిల్లా కుర్రవాళ్లు వేలకు వేలుగా సూరతు మరమగ్గాలకు వలసపోవడం మనం ఎరిగినదే. ఉన్న ఊళ్లో, తన వీధిలో, తన చేతి నేర్పుతో నాలుగు డబ్బులు వచ్చే పని ఇది. అందుకని దీన్ని పట్టుకుని వేళ్లాడేవారున్నారు.

ఈ పనివల్ల మనకు కలిగిన మేలు ఒకటి చెప్పకుండా ఉండలేము. మన పిల్లల్లో ఎక్కువమంది ఒరియా మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో చదువుకున్నవారు. ఇంట్లో తెలుగు మాటలాడతారు గాని, తెలుగు అక్షరం చూస్తే తడుముకుంటారు. మన మాసపత్రిక తాతగారు చదివి వినిపిస్తే తప్ప వారికి అందదు. కాని తెలుగు పాట మాత్రం వారికి నోటికి వచ్చును. 2020లో వచ్చిన 'పలాస 1978' సినిమాలో రఘు కుంచె పాడిన 'నక్కిలీసు గొలుసు' పాట సిక్కోలు పల్లె పలుకుబడితో నడిచినది. ఆ ప్రాంతమూ 1936కు ముందు గంజాం జిల్లాలోనిదే. మన అమ్మమ్మల నోట విన్న యాస స్పీకరులో వినబడినప్పుడు పిల్లలు సిగ్గుపడలేదు సరికదా, ఎగిరి గంతులేశారు. 2023లో 'నాటు నాటు' పాటకు ఆస్కారు వచ్చినప్పుడు, తెలుగు రాని తోటి విద్యార్థులకు మాటల అర్థం విడమర్చి చెప్పే గౌరవం మన పిల్లలది. ఆ తెలుగు పాట వెనువెంటనే జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేలు పాడిన సంబల్పురి పాట 'రంగబతి' వస్తుంది. రెండింటికీ ఒకే గుంపు ఆడుతుంది. ఇక్కడ రెండు భాషల వియ్యం సభలవల్ల కన్న ఇటువంటి పందిళ్లలోనే బాగా కుదిరిందని మా అభిప్రాయం.

మేలు చెప్పాము గనుక కీడు కూడా చెప్పాలి. రెండేళ్లకొకసారి చైత్రంలో మన బూఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారు దేశిబెహరా వీధికి పుట్టింటికి వచ్చినట్లు వస్తుంది. ఆ రోజుల్లో ఘటాల వెంట డప్పూ, పులివేషాల దరువూ వింటే ఒళ్లు పులకరిస్తుంది. ఆ దరువును మింగివేసేటంతగా పెట్టెలు మోగితే వేషం వేసినవాడి కష్టం ఏమి కావాలి? ఇళ్లలో పసిపిల్లలు, హృద్రోగులు ఏమి కావాలి? అందరికంటె ముందు నష్టపోయేది ఆ కుర్రవాడే. పనిచేసేవారి ఆరోగ్యాన్ని పరిశోధించే అమెరికా సంస్థవారి లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల మోతను రోజుకు 8 గంటలు మించి వినరాదు. ఆపైన మోత మూడు డెసిబెళ్లు పెరిగినకొద్దీ వినదగిన కాలం సగానికి సగం తగ్గిపోతుంది. 100 డెసిబెళ్ల దగ్గర అది 15 నిమిషాలే! పెట్టెల పక్కన నాలుగైదు గంటలు నిలిచే మనిషి చెవుల గతి ఊహించుకోండి. ఒకసారి పోయిన వినికిడి తిరిగి రాదు. చెవే పెట్టుబడిగా బ్రతికేవాడు చెవినే పోగొట్టుకుంటున్నాడు.

చట్టం లేకపోలేదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడుస్పీకరు పనికిరాదు. ఉత్సవాలకు ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించవచ్చు గాని, ఏడాదికి 15 రోజులు మించరాదు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ నూరు మీటర్లు నిశ్శబ్ద మండలంగా ఉండవచ్చును. 2005 జులై 18న సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. మరొక చట్టం అతనికి అనుకూలంగా ఉన్నది. పెళ్లి ఊరేగింపులోనూ, పెళ్లికి సంబంధించిన వేడుకల్లోనూ పాట వేయడం కాపీరైటు ఉల్లంఘన కాదు. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం ఈ సంగతినే మళ్లీ స్పష్టం చేసింది. పెళ్లిలో పాటలకు రుసుము కట్టమని ఎవరైనా వచ్చి అడిగితే ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇంతకూ డీజేను పిలిచేది మనమే, తిట్టేదీ మనమే. మోత ఎక్కువైందని అతణ్ణి కోప్పడతాము గాని, పెంచమని చెవిలో చెప్పేది మన అబ్బాయేనని మరచిపోతాము. కనుక పెళ్లి పెట్టుకున్న ఇంటివారికి మాదొక మనవి. బేరం కుదిరిననాడే ఎన్నింటికి ఆపాలో చెప్పండి, ఆ మాట మీద మీరే నిలబడండి. ఆసుపత్రి ముందు బండి వెళ్లేటప్పుడు పెట్టెలు కట్టివేయించండి. మంగళసూత్రధారణ వేళకు సన్నాయి, మేళం ఉండనివ్వండి. ఊరేగింపులో ఒక్క వీధైనా తెలింగి బాజాకు విడిచిపెట్టండి. కుర్రవాడికి పంక్తిలో విస్తరి వేయించి, చెప్పిన రొక్కం చెప్పిన రాత్రే చేతిలో పెట్టండి. చెవులకు రక్షణ బిళ్లలు పెట్టుకున్నావా నాయనా అని ఒక్కమాట అడగండి.

అంతకంటె ముఖ్యమైనది, మీకు కావలసిన పాటల జాబితా అతనికి ముందుగా ఇవ్వండి. పెళ్లిళ్లలో మామ్మగారొకరు మెల్లగా దగ్గరికి వెళ్లి, "బాబూ, ఆ మోత కాస్త తగ్గించి ఘంటసాల పాట ఒక్కటి వేద్దూ" అని అడగడం కద్దు. "ఏ పాట వెయ్యమంటారు మామ్మగారూ?" అని అతడు వినయంగా అడుగుతాడు, నిమిషంలో వెదికి పట్టుకుంటాడు. కుర్రవాడు ఒరియావాడైనా సరే, మాట అర్థం కాకపోయినా ఆ పాట దాచుకుంటాడు, మరుసటి పెళ్లిలో అడగకుండానే వేస్తాడు. అడిగేవారు లేనినాడు ఆ పాట అతని పెట్టెలో ఉండదు. మన ఊళ్లో తెలుగు పాట నిలవడం, నిలవకపోవడం అతని చేతిలో కన్న మన నోటిలోనే ఎక్కువగా ఉన్నది.