బండికి సొట్ట పడితే బాగవుతుంది, మాటకు పడితే?

ఆ మధ్య ఒక శుక్రవారం సాయంత్రం దగ్గరి బంధువుల వలీమాకు గుంటూరు వెళ్లాం. విందు ముగిశాక షాదీఖానా ముందు నుంచి కారు వెనక్కి తీస్తుంటే దఢేలుమని చప్పుడయింది. దిగి చూస్తే వెనుక ఒక టాక్సీ. దాని ఎడమ తలుపు లోపలికి పోయింది. మా బంపరు పగిలింది. అల్లాహ్ దయవల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు.

"చూడకుండా వెనక్కి తీశారు" అన్నాడు టాక్సీ డ్రైవరు. "మేము తీస్తుంటే నువ్వే అడ్డంగా దూరావు" అన్నాం మేము.

క్షణంలో జనం మూగారు. అందరూ మా వాళ్లే. "మేమంతా చూశాం, తప్పు నీదే" అని అతని మీదికి వెళ్లారు. నిజానికి వారిలో ఒక్కరూ చూడలేదు. చప్పుడు విని లోపలి నుంచి వచ్చినవారే. పరాయి ఊరి కుర్రవాడు, అతని పక్షాన మాట్లాడేవారు లేరు. గొంతు తగ్గించి, "బండి నాది కాదు సార్, ఓనరు నా జీతంలో కోస్తాడు" అన్నాడు.

అప్పుడు కారులో నుంచి మా ఆవిడ మెల్లగా అంది: "మీరు అద్దంలో చూడలేదు కదండీ. చాచాతో మాట్లాడుతూ గేరు వేశారు."

ఆ ఒక్క మాటతో మా తల వాలిపోయింది. అయినవారికి వ్యతిరేకంగానైనా సరే నిజమైన సాక్ష్యమే చెప్పాలని ఖుత్బాల్లో ఎన్నిసార్లు వినలేదు? ఆ రోజు మధ్యాహ్నం జుమా నమాజు చేసి వచ్చింది కూడా మేమే. మా వాళ్లను పక్కకు పంపి, ఆ అబ్బాయిని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాం.

అక్కడికక్కడే చేయవలసినవి

ఇలాంటి వేళ మొదట చేయవలసింది వాదన కాదు, ఆధారాలు భద్రపరచడం. రెండు బండ్లనూ కదపకముందే నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయాలి. నంబరు ప్లేట్లు, రోడ్డు, బండ్ల మధ్య దూరం అందులో కనబడాలి. తర్వాత దారికి అడ్డం తీయాలి. ఇద్దరి లైసెన్సు, ఆర్.సి., పాలసీ వివరాలు రాసుకోవాలి. దగ్గరలో దుకాణం కెమెరా ఉంటే ఆ రోజే అడగాలి. పాత దృశ్యాలు చెరిగిపోతుంటాయి. ఎవరికైనా దెబ్బ తగిలితే మాత్రం రాజీ మాటలు పక్కనపెట్టి ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం 24 గంటల లోపు పోలీసులకు తెలపడం డ్రైవరు బాధ్యత.

ఒక సూక్ష్మం ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పడం వేరు, "నష్టమంతా నేనే కడతాను" అని రాసివ్వడం వేరు. బీమా కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా అలాంటి హామీ ఇవ్వరాదని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. క్లెయిము చేయదలిస్తే ముందు కంపెనీకి తెలపాలి. సర్వేయరు చూడకముందు మరమ్మతు మొదలుపెట్టరాదు.

మెకానిక్ సలహా

మర్నాడు గ్యారేజీకి వెళితే ఇంకో పరీక్ష ఎదురైంది. "ఆగి ఉన్న బండిని ఎవరో గుద్ది పోయారని రాయండి సార్. పాత గీతలు కూడా ఇందులోనే పోనిద్దాం" అన్నాడు మెకానిక్. లైసెన్సు లేని పిల్లవాడు నడిపితే తండ్రి పేరు రాయించడం కూడా చాలా ఇళ్లలో మామూలైపోయింది. ఇది తెలివి అనుకుంటాం. క్లెయిము ఫారంలో అబద్ధం బయటపడితే కంపెనీ మొత్తం క్లెయిమునే తిరస్కరించవచ్చు. పైగా ఆ సొమ్ము మనలాంటి వేలమంది ప్రీమియంలోది. దానిలో అన్యాయంగా తీసుకున్న ప్రతి రూపాయి ఎవరో ఒకరి హక్కే.

లెక్క వేసి చూస్తే అబద్ధం అవసరమే లేదని తేలింది. బంపరు 4,000, కూలి 2,000 అనుకుందాం. ప్లాస్టిక్ భాగాలకు మామూలు పాలసీలో సగమే ఇస్తారు కనుక 2,000 మనదే. 1500 సి.సి. లోపు కారుకు తప్పనిసరి కోత మరో 1,000. కంపెనీ ఇచ్చేది 3,000. కాని ఆ క్లెయిముతో నో క్లెయిమ్ బోనసు పోతుంది. వరుసగా క్లెయిము లేని సంవత్సరాలకు అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. సొంత నష్టపు ప్రీమియం 10,000 ఉన్నవారికి వచ్చే ఏడు 45 శాతం రావలసి ఉంటే, పోయేది 4,500. అంటే మూడు వేల కోసం నాలుగున్నర వేలు వదులుకోవడమన్నమాట!

అందుకే మేము క్లెయిము చేయలేదు. మా బంపరు మేమే వేయించుకున్నాం. టాక్సీ ఓనరుతో ఫోనులో మాట్లాడి, తలుపు బాగుచేసిన బిల్లు చూసి డబ్బు పంపాం. "ఈ విషయంలో ఇక బాకీ లేదు" అని రాతపూర్వకంగా రసీదు తీసుకున్నాం. నమ్మకం ఉన్నా రాత ఉండటం ఇద్దరికీ మేలు.

కంపెనీ అన్యాయం చేస్తే

నష్టం పెద్దదై, న్యాయమైన క్లెయిమును కంపెనీ తోసిపుచ్చితే ఊరుకోనక్కరలేదు. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల వారికి ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. తిరస్కరణ అందిన ఏడాది లోపు ఫిర్యాదు చేయాలి. రుసుము లేదు, వకీలు అవసరం లేదు. అక్కడ కూడా మనకు బలం ఫోటోలు, కాగితాలు, మార్చని మాట.

డబ్బు అందిన రోజు ఆ అబ్బాయి ఫోను చేశాడు. "జీతం కొయ్యలేదు సార్" అన్నాడు. ఫోను పెట్టాక మా బావమరిది తల వంచుకుని, "భాయ్, ఆ రోజు నేను చూడకుండానే చూశానన్నాను" అన్నాడు. ఖర్చయింది కొన్ని వేలు. మా వాళ్లు గొంతు పెంచి గెలిచి ఉంటే, ఆ వేలు ఒక పేదవాడి జీతంలో నుంచి పోయేవి. ఆ బాకీకి మాత్రం ఏ రసీదూ ఉండేది కాదు.