జన్యువు ఇక్కడ, మీట అక్కడ!

ఒకే ఇంట్లో తాతకు గ్లాసెడు పాలు హాయిగా అరగొచ్చు, మనవరాలికి అవే పాలు కడుపుబ్బరం తేవచ్చు. ఎందుకు?

పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను చిన్నపేగులో లాక్టేజ్ ఎంజైమ్ విడగొడుతుంది. దాన్ని తయారుచేయించే జన్యువు పసితనంలో దాదాపు అందరిలో చురుగ్గా ఉంటుంది. పెరిగేకొద్దీ చాలామందిలో మందగిస్తుంది, కొందరిలో మాత్రం జీవితాంతం పనిచేస్తుంది. ఆశ్చర్యమేమిటంటే, ఈ తేడా ఆ జన్యువులో లేదు! దానికి సుమారు 14,000 డీఎన్‌ఏ అక్షరాల దూరంలో, పొరుగు జన్యువు లోపల ఉంది. జన్యువు జీవితాంతం పనిచేసేవారిలో చాలామందికి అక్కడ ‘సి’ అనే ఒక్క అక్షరం ‘టి’గా మారింది. 2002లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు దీన్ని పట్టుకున్నారు.

అంత దూరం నుంచి ఎలా? డీఎన్‌ఏ కణంలో తిన్నగా పరుచుకుని ఉండదు. చీర మడిస్తే రెండు చివర్లూ కలిసినట్టు, దూరపు భాగాలు దగ్గరవుతాయి. ఈ దూరపు మీట పేరు ఎన్‌హాన్సర్. దానికి కొన్ని ప్రోటీన్లు అతుక్కుంటాయి. ‘టి’ ఉంటే ఇంకా గట్టిగా. డీఎన్‌ఏ వంగి ఉచ్చులా మారినప్పుడు, ఆ ప్రోటీన్లు జన్యువు మొదట్లోని యంత్రాంగాన్ని కదిలిస్తాయి. దాంతో లాక్టేజ్ తయారీకి కావలసిన ఆర్‌ఎన్‌ఏ నకలు మొదలవుతుంది.

మరి పశువుల్ని ఎంతోకాలంగా పెంచినచోట ఈ ‘టి’ ఎక్కువ ఉండాలి కదా? మహబూబ్‌నగర్ ప్రాంతపు ఉట్నూరు బూడిదదిబ్బ నాలుగు వేల ఏళ్లకు పూర్వపు పశువుల దొడ్డి. ఇంత పాత పశుపోషణ ఉన్నా, దక్షిణాదిలో ఈ ‘టి’ తక్కువే. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2012 అధ్యయనంలో ఇది వాయవ్య భారతంలో, పశుపోషక సముదాయాల్లో ఎక్కువగా కనిపించింది. ఐరోపాలో ఉన్నదీ ఇదే మార్పు.

మరి మనవరాలికి పెరుగెందుకు పడుతుంది? తోడులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌ను కొంత ముందే తినేస్తుంది.